ఇంటి పని మేస్త్రీకి అప్పగించే ముందు ఆ పనికి ఎల్లలు గీసుకోవడం ఎలా

సొంత ఇల్లు కట్టించుకునేవారిలో ఎక్కువమంది మేస్త్రీతోనో కాంట్రాక్టరుతోనో మొదట మాట్లాడుకునేది ఒకే అంకె గురించి: చదరపు అడుగుకు ఎంత? ఆ అంకె కుదరగానే అడ్వాన్సు ఇస్తారు, మంచి రోజు చూసి ముగ్గు పోయిస్తారు, పని మొదలవుతుంది. ఆ రేటులో ఏ పనులు కలిసి ఉన్నాయి, ఏవి లేవు అన్న ప్రశ్న మాత్రం స్లాబు పడిన తరువాత, చేతిలో డబ్బు తగ్గిపోతున్న రోజుల్లో వస్తుంది.

మా ఇంటి పనికి రాసుకున్న కాగితంలో ‘మెట్లు’ అని ఒక్క మాట ఉండేది. మా దృష్టిలో మెట్లంటే నేల నుంచి డాబా మీది దాకా. మా మేస్త్రీ దృష్టిలో అవి మొదటి అంతస్తు వరకే. ఆయన మోసగాడు కాడు, అంతకుముందు కట్టిన ఇళ్ళన్నిటికీ ఆ లెక్కనే రేటు చెప్పిన మనిషి. ఇద్దరం ఒకే మాటను రెండు రకాలుగా అర్థం చేసుకున్నాము, ఆ తేడా తేలేదాకా పదిహేను రోజులు పని ఆగింది. ఆ అనుభవం తరువాత బంధువుల ఇళ్ళకు, స్నేహితుల ఇళ్ళకు ఒప్పందాలు రాయించడంలో సాయపడుతూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. సొంత స్థలంలో ఒకటి రెండు అంతస్తుల ఇల్లు కట్టించుకునేవారికి ఇది సరిపోతుంది. అడ్వాన్సు ఇచ్చిన తరువాత చదివితే సగం ఉపయోగమే ఉంటుంది కాబట్టి, ఇవ్వకముందే ఈ పనులన్నీ పూర్తిచేయండి.

1. ఒప్పందం ఏ రకమో ముందు తేల్చుకోండి

లేబర్ కాంట్రాక్టు అంటే సామాను మీది, పని వారిది. మెటీరియల్‌తో సహా అంటే రెండూ వారివే. ఈ రెండిటికీ మధ్య మూడో రకం ఒకటి ఉంది, సిమెంటు, స్టీలు మీరు కొని మిగతావన్నీ కాంట్రాక్టరు తెచ్చేది. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఈ మూడో రకంలోనే, ఎందుకంటే ‘మిగతావన్నీ’ అన్న మాటకు హద్దు ఉండదు. లేబర్ కాంట్రాక్టులో కూడా చిన్న వస్తువుల దగ్గర ఇదే చిక్కు వస్తుంది. బైండింగు వైరు, మేకులు, కవర్ బ్లాకులు, సెంట్రింగు (స్లాబు పోసేటప్పుడు కింద నిలిపే తాత్కాలిక చట్రం) సామాను, మిక్సరు, వైబ్రేటరు, నీళ్ళ డ్రమ్ములు ఎవరు తేవాలో ఒక్కొక్కటిగా రాయండి. ఇసుక, ఇటుక దింపే కూలి, వాటిని పై అంతస్తుకు మోసే కూలి ఎవరిదో కూడా రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఇసుక ఉచితమైనా తవ్వకం, లోడింగు, రవాణా ఖర్చులు ఉంటూనే ఉన్నాయి, కనుక ‘ఇసుక మాది’ అనుకున్నా బండి కిరాయి ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

పన్ను సంగతి కూడా ఇక్కడే తేల్చండి. ఒక కుటుంబానికి విడిగా కట్టే ఇంటికి కేవలం కూలి పని మాత్రమే చేసే ఒప్పందానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. సామానుతో సహా చేసే రిజిస్టర్డు కాంట్రాక్టరు బిల్లుకు జీఎస్టీ పడుతుంది. చెప్పిన రేటు పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది ఒక్క వాక్యంలో రాయించుకోండి.

2. బొమ్మలు పూర్తికాకుండా రేటు అడగకండి

గదుల కొలతలున్న ప్లాను ఒక్కటి పట్టుకుని మేస్త్రీ దగ్గరకు వెళితే ఆయన చెప్పే రేటు అంచనా మాత్రమే అవుతుంది. కనీసం నాలుగు బొమ్మలు చేతిలో ఉండాలి: తలుపులు, కిటికీల కొలతలతో సహా ప్రతి అంతస్తు ప్లాను; పునాది, పిల్లర్లు, బీములు, స్లాబులలో స్టీలు వివరాలు చూపే స్ట్రక్చరల్ డ్రాయింగు; ప్రతి గదిలో కరెంటు పాయింట్లు గుర్తించిన బొమ్మ; నీళ్ళ గొట్టాలు, మురుగు గొట్టాలు వెళ్ళే దారి చూపే బొమ్మ. రంగుల్లో వచ్చే త్రీడీ ఎలివేషన్ చూడటానికి బాగుంటుంది గానీ అందులో కనిపించే గాజు రెయిలింగు, రాతి పలకల అలంకరణ ఒప్పందంలో ఉన్నట్టు కాదు. ఆ బొమ్మను కాగితానికి జతచేస్తే, అందులో ఏవి కాంట్రాక్టరు పనో దాని మీదే గుర్తు పెట్టండి.

వాస్తు చూపించుకునే అలవాటున్నవారు ఆ పని ఇప్పుడే, ఒకే మనిషి చేత, పూర్తిగా ముగించుకోండి. నేను చూసిన తగాదాలలో చాలావాటికి మూలం సగం పనిలో వచ్చిన బంధువులు చెప్పిన మాటే. గోడలు లేచిన తరువాత వంటగదిని ఆగ్నేయానికి మార్చాలన్నా, మెట్ల తిరుగుడు మార్చాలన్నా, తవ్విన సెప్టిక్ ట్యాంకును పూడ్చి ఇంకో మూల తవ్వాలన్నా ఖర్చు మీదే అవుతుంది, పని రోజులు పెరుగుతాయి, కట్టినదాన్ని పగలగొట్టిన మేస్త్రీకి ఆ ఇంటి మీద శ్రద్ధ కూడా తగ్గుతుంది.

అనుమతి పొందిన ప్లానుకు, మీరు కట్టబోయే ప్లానుకు తేడా లేకుండా చూసుకోండి. తెలంగాణలో కట్టడాల అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి నమోదు చాలు, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. సంతకం మీదే కాబట్టి బాధ్యత కూడా మీదే. హద్దు మీరి కట్టినదాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టం ఇచ్చింది. ప్రహరీ నుంచి గోడ దాకా నాలుగు వైపులా వదలవలసిన ఖాళీని అడుగులు, అంగుళాలలో ఒప్పందంలో రాయించి, ముగ్గు ఆ కొలతతోనే పోయాలని చేర్చండి.

3. ‘చదరపు అడుగు’ను ఎలా కొలుస్తారో రాయండి

ఈ అంశాలన్నిటిలోకీ దీని మీద ఎక్కువ సమయం పెట్టమని నా సలహా. చదరపు అడుగు అందరికీ తెలిసిన కొలతే అయినా ఏ ఏ భాగాలను కొలవాలన్న దాని మీద ఊరికొక పద్ధతి, మేస్త్రీకొక పద్ధతి ఉన్నాయి. కొందరు గోడల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలుస్తారు. కొందరు సజ్జలతో, బాల్కనీలతో కలిపి స్లాబు పోసిన ప్రతి అడుగునూ లెక్కిస్తారు. బాల్కనీని సగంగా లెక్కించేవారున్నారు, డాబా మీది మెట్ల గదిని పూర్తి అంతస్తు రేటుకే లెక్కించేవారున్నారు.

ఒక ఉదాహరణ చూడండి. మీ ఇల్లు బయటి కొలతల్లో 30 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు, రెండు అంతస్తులు అనుకుందాం. అంతస్తుకు 1,080 చొప్పున మొత్తం 2,160 చదరపు అడుగులు. మొదటి అంతస్తుకు 5 అడుగుల వెడల్పున 20 అడుగుల పొడవు బాల్కనీ ఉంటే 100, డాబా మీద 9 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు మెట్ల గది ఉంటే 144. ఈ రెండూ కలిపితే 2,404. లెక్క కోసం రేటు అడుగుకు 2,000 రూపాయలు అనుకుంటే ఆ 244 అడుగుల తేడా విలువ 4,88,000 రూపాయలు. బేరమాడి అడుగుకు 50 రూపాయలు తగ్గించుకున్నామని సంతోషపడేవారు ఈ తేడాను గమనించరు. 50 రూపాయల తగ్గింపు 2,160 అడుగుల మీద 1,08,000 రూపాయలే.

అందువల్ల రేటు మాట్లాడే ముందే ప్లాను కాగితం మీద రంగు పెన్సిలుతో కొలతలోకి వచ్చే భాగాన్ని గీయించి, మొత్తం విస్తీర్ణాన్ని అంకెలో రాసి, ఇద్దరూ దాని కింద సంతకం చేయండి. బాల్కనీ, పోర్టికో, మెట్ల గది, సజ్జలు, డక్టులు (గొట్టాల కోసం వదిలే ఖాళీ సందులు), రెండంతస్తుల ఎత్తు వదిలిన హాలు, ప్రతి ఒక్కదాని పక్కనా పూర్తిగానా, సగమా, లెక్కలోకి రాదా అన్నది ఉండాలి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ ఈ కొలతలోకి రావు కనుక వాటికి విడి రేట్లు ఉండాలి. సంపుకు లీటర్ల లెక్కన, ప్రహరీకి ఎత్తు చెప్పి పొడవు అడుగు లెక్కన రాసుకోవడం వాడుకలో ఉంది.

ప్లాస్టరింగు వంటి పనిని విడిగా కొలిచి చెల్లించే ఒప్పందమైతే తలుపులు, కిటికీల ఖాళీలను ఎలా తగ్గిస్తారో అడగండి. కట్టడపు పనుల కొలతలకు ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్లాస్టరింగులో అర చదరపు మీటరు లోపు ఖాళీకి తగ్గింపు లేదు, అర నుంచి 3 చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీకి గోడ ఒక ముఖం మీద మాత్రమే తగ్గిస్తారు, అందుకు బదులు ఆ ఖాళీ అంచుల పనికి వేరే కొలత కట్టరు. ‘కొలతలు ఐఎస్ 1200 ప్రకారం’ అని ఒక్క వాక్యం రాసుకుంటే చివరి బిల్లు రోజు వాదన చాలావరకు తప్పుతుంది.

4. నేల కింద ఏముందో తెలియదు కనుక దానికి వేరే నియమం పెట్టుకోండి

భూమి పైన కట్టేదంతా బొమ్మలో కనిపిస్తుంది. భూమి లోపలిది తవ్వితేనే తెలుస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల నాలుగడుగులు తవ్వేసరికి గ్రానైటు బండ తగిలే స్థలాలున్నాయి. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, దాని మీద మామూలు లోతు పునాది నిలబడదు. పక్క స్థలంలో ఇల్లు ఎలా కట్టారో చూసి మన పునాది లోతు నిర్ణయించుకోవడం ప్రమాదకరం. ముందు మట్టి పరీక్ష చేయించండి, ఆ నివేదిక చూసి ఇంజనీరు ఫుటింగుల లోతు, పరిమాణం నిర్ణయించనివ్వండి. మొత్తం ఇంటి ఖర్చులో ఈ పరీక్షకు అయ్యేది చాలా చిన్న భాగం.

పరీక్ష చేసినా అనుమానం కొంత మిగులుతుంది. దానిని ఎవరో ఒకరి నెత్తిన వేయకుండా కాగితం మీద పంచుకోవాలి. ‘ప్రస్తుత నేల మట్టం నుంచి 5 అడుగుల లోతు వరకు తవ్వకం, పునాది రేటులో కలిసి ఉన్నాయి, అంతకు మించితే తవ్వకానికి ఘనపుటడుగుకు ఇంత, కాంక్రీటుకు ఇంత, బండ తగిలితే బ్రేకరు యంత్రపు గంట కిరాయి యజమానిది’ అని రాస్తే సరిపోతుంది. ‘ప్రస్తుత నేల మట్టం’ అన్న మాటకు కూడా గుర్తు ఉండాలి. పక్కింటి గోడ మీదనో కరెంటు స్తంభం మీదనో ఎర్ర రంగుతో గీత గీసి, ఫోటో తీసి, కొలతలన్నీ ఆ గీత నుంచే అని రాసుకోండి.

అదే గీత నుంచి బేస్‌మెంటు (ఇల్లు నిలిచే అరుగు) ఎత్తు కూడా రాయండి. ఊళ్ళలో రోడ్డు వేసిన ప్రతిసారీ మట్టం పెరుగుతుంది, అందుచేత యజమానులు పని మధ్యలో ఇంకో అడుగు లేపమంటారు. 1,080 చదరపు అడుగుల ఇంటికి అడుగు ఎత్తు పెంచితే దాదాపు వెయ్యి ఘనపుటడుగుల గ్రావెలు, దానిని తడిపి దిమ్మిస కొట్టే కూలి, చుట్టూ గోడ కట్టుబడి అదనమవుతాయి. ఎత్తు ఎంతో, నింపే మట్టి ఎవరు తెస్తారో, తవ్వగా వచ్చిన మట్టి ఎక్కడ పోస్తారో, చెదల మందు ఎవరు కొట్టిస్తారో ఇక్కడే ముగించండి.

5. వస్తువులకు పేరు, కొలత, ధర పెట్టండి

‘మంచి రకం’, ‘బ్రాండెడ్’, ‘ఫస్ట్ క్వాలిటీ’ అన్న మాటలను ఒప్పందం నుంచి కొట్టివేయండి. సిమెంటు ఏ రకం, స్టీలు ఏ గ్రేడు, ఏయే కంపెనీలవి అంగీకారం, కాంక్రీటు ఏ గ్రేడు అన్నవి పేర్లతో ఉండాలి. స్టీలు వేసే కాంక్రీటు ఎం20 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) కంటే తక్కువ గ్రేడు ఉండకూడదని కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. బయటి గోడ 9 అంగుళాలా, లోపలి గోడ నాలుగున్నరా, ఇటుక మట్టిదా, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) దా, ప్లాస్టరింగుకు నది ఇసుకా, రోబో ఇసుకా అన్నవి కూడా అంతే అవసరం. రంగులకు ఎన్ని పూతల లప్పం, ఎన్ని పూతల ప్రైమరు, ఎన్ని పూతల ఎమల్షన్ అని అంకెలు రాయండి.

టైల్స్, కుళాయిలు, తలుపుల వంటివి మీరు తరువాత ఎంచుకుంటారు కనుక వాటికి ధర పరిమితి పెట్టాలి. ‘టైలు చదరపు అడుగుకు 60 రూపాయల వరకు’ అని ఉంటే, అది పన్నుతో, రవాణాతో కలిపిన ధరా, దుకాణంలో ఉన్న ధరా అన్నది కూడా ఉండాలి. తక్కువ ధరది ఎంచుకుంటే మిగిలినది మీకు తిరిగి రావాలని రాయించుకోవడం చాలామంది మరిచిపోతారు.

కరెంటు పాయింట్లను గదుల వారీగా లెక్కపెట్టి మొత్తం సంఖ్య రాయండి, దానికి మించితే పాయింటుకు ఎంతో రాయండి. ఏసీ, గీజరు, ఇన్వర్టరు, సీసీ కెమెరాలు, ఇంటర్నెట్ వైర్లు ఆ లెక్కలో ఉన్నాయో లేవో చూసుకోండి.

6. ఇందులో లేని పనుల జాబితా రాయండి

ఒప్పందాలలో ఉన్న పనుల జాబితా అందరూ రాస్తారు, లేనివాటి జాబితా దాదాపు ఎవరూ రాయరు. నిజానికి పనికి ఎల్ల గీసేది ఈ రెండోదే. రాయకుండా వదిలిన ప్రతి పనినీ యజమాని తన రేటులో ఉందనుకుంటాడు, కాంట్రాక్టరు లేదనుకుంటాడు. కాంట్రాక్టరును నేరుగా ఇలా అడగండి: ‘ఈ రేటుకు పని ముగిశాక ఇంట్లోకి రావడానికి నేను ఇంకా వేటి మీద డబ్బు పెట్టాలి?’ నిజాయితీ ఉన్న మనిషి ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తాడు, ఎందుకంటే తరువాత మాట పడవలసిన అవసరం ఆయనకూ తప్పుతుంది. ఆయన చెప్పినవన్నీ ఆయన మాటల్లోనే రాసుకోండి.

సాధారణంగా ఈ జాబితాలోకి వచ్చేవి: బోరు, మోటారు, మునిసిపల్ నీటి కనెక్షను, కరెంటు మీటరు, పని జరిగేటప్పటి తాత్కాలిక కరెంటు, ప్రహరీ, గేటు, ఇంకుడు గుంత, ఇంటి చుట్టూ బండలు పరచడం, డాబా మీద వాటర్‌ప్రూఫింగు, ఫాల్స్ సీలింగు, కప్‌బోర్డులు, మాడ్యులర్ కిచెను, కిటికీ గ్రిల్సు, దోమతెరలు, మెట్ల రెయిలింగు, పూజ గది తలుపు, చివరి శుభ్రం, మిగిలిన చెత్త తరలింపు. పిట్టగోడ ఎన్ని అడుగులో, మెట్లు ఎక్కడిదాకానో, మా సంగతి చెప్పాను గనుక, మరిచిపోకండి.

ఇద్దరి పనులు కలిసే చోట్లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎలక్ట్రీషియను గోడను చెక్కి గొట్టం వేసిన తరువాత ఆ గాడిని ఎవరు పూడుస్తారు? ఏసీ రాగి గొట్టాలు ప్లాస్టరింగుకు ముందే వేయాలి, ఆ మనిషిని ఎవరు పిలవాలి? ఇంటి మురుగు గొట్టం ప్రహరీ వరకు కాంట్రాక్టరు వేస్తే అక్కడి నుంచి వీధి డ్రైనేజీ దాకా ఎవరు వేస్తారు? క్యూరింగు కూడా ఇలాంటిదే. మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటుదైనా, పొడి ఎండలో ఉన్నదైనా కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని ఐఎస్ 456 నియమం. నీళ్ళు ఎవరివి, పట్టే మనిషి ఎవరు, ఆదివారం ఎవరు పడతారు అన్నవి రాయకపోతే ఇంటికి జరిగే నష్టం కంటికి కనిపించదు. పూడ్చని గాడి కనీసం కనిపిస్తుంది, ఎండిపోయిన స్లాబు సంగతి ఏళ్ళ తరువాత గానీ తెలియదు.

7. మార్పుకు దారి, మాటకు మనిషి

ఎంత జాగ్రత్తగా రాసినా మార్పులు వస్తాయి. వాటికి ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. మార్పు ఏమిటి, ఎంత పెరుగుతుంది లేదా తగ్గుతుంది, ఎన్ని రోజులు అదనం అన్న మూడు సంగతులు రాసి, ఇద్దరి సంతకాలూ పడిన తరువాతే ఆ పని మొదలుకావాలి. సంతకం వీలుకాని రోజున వాట్సాప్‌లో అదే వివరం రాసి అవతలివారి అంగీకారం తీసుకున్నా చాలు.

మార్పు చెప్పే అధికారం మీ వైపు నుంచి ఒక్కరికే ఉండాలి, ఆ పేరు ఒప్పందంలో ఉండాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఊళ్ళో ఇల్లు కట్టించేవారికి ఇది మరీ ముఖ్యం. నాన్నగారు ఉదయం ఒక కిటికీ పెద్దది చేయమంటారు, బావమరిది సాయంత్రం అక్కడ కిటికీ ఎందుకంటారు, మేస్త్రీ ఇద్దరి మాటా కాదనలేక ఏదో ఒకటి చేస్తాడు, బిల్లు మాత్రం దూరాన ఉన్నవారికి వస్తుంది. పెద్దల సలహా వినడానికి అడ్డేమీ లేదు. ఆ సలహా మీ ద్వారా పుస్తకంలోకి ఎక్కిన తరువాతే మేస్త్రీకి చేరాలన్నది పెద్దలకు కూడా ముందుగానే, గౌరవంగా చెప్పి ఒప్పించండి.

8. డబ్బు, గడువు

వాయిదాలను మొదలైన పనికి కాక పూర్తయిన పనికి ముడిపెట్టండి. ‘స్లాబు వేసేటప్పుడు’ అని కాక ‘స్లాబు వేసి, క్యూరింగు ముగిసి, సెంట్రింగు విప్పిన తరువాత’ అని రాయండి. చివరి మొత్తంలో కొంత భాగాన్ని ఒక వానాకాలం గడిచేదాకా ఆపి ఉంచే ఏర్పాటు చేసుకోండి, ఎందుకంటే కారే చోట్లు వానలోనే బయటపడతాయి.

గడువు ముగ్గు పోసిన రోజు నుంచి లెక్కించాలా, అనుమతి వచ్చిన రోజు నుంచా అన్నది తేదీతో ఉండాలి. గృహప్రవేశ ముహూర్తానికి కనీసం నెల ముందు పని ముగిసేలా గడువు పెట్టండి. ముహూర్తపు తొందరలో ఆరని గోడలకు వేసిన రంగు నిలవదు. ఆలస్యానికి పరిహారం రాసుకోవచ్చు గానీ, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం కోర్టు ఆ మొత్తానికి మించకుండా సమంజసమని తోచినంత మాత్రమే ఇప్పిస్తుంది, కనుక పెద్ద అంకె రాసి ధీమాగా ఉండకండి. గృహనిర్మాణం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవగానే లెక్క, లోపాలుంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. అక్కడ కూడా మొదట అడిగేది రాసుకున్న కాగితాన్నే.

9. స్థలం మీద నిలబడి చదవండి

ఒప్పందాన్ని తెలుగులో రాయించండి. ఇంగ్లీషులో టైపు చేసిన ఇరవై పేజీల మీద సంతకం పెట్టిన మేస్త్రీకి అందులో ఏముందో తెలియకపోతే ఆ సంతకం గొడవను ఆపలేదు. ఒక ఉదయం ఆయననూ, ఇంజనీరునూ, మీ ఇంట్లో మాట చెల్లే పెద్దవారినీ స్థలం దగ్గరకు పిలవండి. కాగితాన్ని పైకి చదువుతూ, సంపు వచ్చే మూల దగ్గర సంపు పేరా, గేటు వచ్చే చోట గేటు పేరా చదువుతూ నడవండి. ఎక్కడ ఎవరికి అనుమానం వచ్చినా అక్కడే ఆగి పెన్నుతో దిద్దండి, దిద్దిన చోట ఇద్దరూ పొడి సంతకాలు చేయండి. మేము మూడో ఇంటికి ఇలా చదివినప్పుడు మేస్త్రీ అడిగిన ప్రశ్నల వల్ల పదకొండు చోట్ల దిద్దవలసి వచ్చింది, ఆ పని గంటన్నరలో అయిపోయింది. తరువాత స్టాంపు కాగితం మీద సాఫీగా రాయించి, బొమ్మలన్నీ జతచేసి, ప్రతి పేజీ మీద సంతకాలు పెట్టి, ఒక ప్రతి మీరు ఉంచుకుని ఇంకొకటి మేస్త్రీకి ఇవ్వండి. అడ్వాన్సు ఆ రోజే ఇవ్వండి, ముగ్గు ఆ తరువాత పోయించండి.